వానలకు ముందు: బావిలో తెట్టు కనబడకపోతే పని అయిపోయినట్టు కాదు

పెట్రోలు కారి పాడైన నేల శుభ్రమైందని కాగితం రాసి మూసేసిన స్థలం పక్కనే, సెల్లార్‌లో పెట్రోలు వాసన. ఈమధ్య మళ్లీ అలాంటి ఫిర్యాదే వినబడింది. 1992లో మెక్సికోలోని గ్వాదలహారాలో కూడా వాసన వస్తోందని జనం ముందు నుంచే మొత్తుకున్నారు. ఏప్రిల్ 22న మురుగు కాల్వల్లో చేరిన పెట్రోలు పేలి 200 మందికి పైగా చనిపోయారు. చేతి తొడుగులు, బూట్ల సంగతి అందరికీ తెలిసిందే, ఇక్కడ రాయడం లేదు.

అసలు తప్పు

కారిన చమురు భూగర్భ జలం మీద తెట్టుగా తేలుతుంది. దాన్ని కొలవడానికి, తోడడానికి నేలలోకి గొట్టపు బావులు దింపుతారు. వానలకు నీటి మట్టం పెరిగినప్పుడు ఆ తెట్టు అంతా పైకి రాదు. చాలా భాగం మట్టి రేణువుల మధ్య ఇరుక్కుని నీటి కిందే ఉండిపోతుంది, బావిలోకి జారదు. వేసవిలో 30 సెంటీమీటర్ల తెట్టు చూపిన బావిలోనే వానల్లో ఇంటర్‌ఫేస్ ప్రోబ్ (చమురుకు ఒక మోత, నీటికి ఇంకో మోత చేసే కొలత పరికరం) దించితే నీటి మోత ఒక్కటే వినిపిస్తుంది. రిజిస్టరులో 'సున్నా' పడుతుంది, చమురు తోడే పంపు ఆగిపోతుంది. ఎండలకు నీరు దిగాక అదే చమురు మళ్లీ బావిలో చేరుతుంది.

ఇంకో మోసం కేసింగ్‌లో, అంటే బావి గొట్టంలో ఉంటుంది. నీరు, చమురు లోపలికి రావడానికి దానికి కోసిన గాట్లు 3 మీటర్ల లోతున మొదలై, నీరు 2.4 మీటర్ల లోతు దాకా పైకి వచ్చిందనుకోండి. తెట్టు లోపలికి రావడానికి దారే లేదు. ఆ బావి చూపే సున్నాకు విలువ లేదు. గాట్లు ఎక్కడ మొదలవుతాయో ప్రతి కొలత పక్కనా రాయండి. తెట్టు ఉన్న బావిలో నీటి మట్టాన్ని ఉన్నదున్నట్టు రాసుకోకూడదు. తెట్టు మందాన్ని దాని సాంద్రతతో (పెట్రోలుకు సుమారు 0.74) గుణించి, వచ్చినదాన్ని నీటి మట్టం ఎత్తుకు కలపాలి. 40 సెంటీమీటర్ల తెట్టుకు దాదాపు 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అది వదిలేస్తే నీరు ఎటు పారుతోందో వేసిన పటమే తప్పవుతుంది.

మళ్లీ చెబుతున్నాం: వానాకాలపు సున్నాను నమ్మి స్థలాన్ని మూయకండి. నీరు బాగా పైకొచ్చినప్పుడూ, బాగా దిగినప్పుడూ కొలవాలి. అంటే కనీసం ఏడాది.

చమురు పట్టిన మట్టి తవ్వే గొయ్యి దగ్గర

పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైన గాలి వీస్తున్నా అడుగున అది నిలిచే ఉంటుంది. గాలిలో 1.4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. గ్యాస్ కొలిచే మీటరు గొట్టాన్ని గొయ్యి అడుగు దాకా దించి ముందు ఆక్సిజన్ చూడండి. అది తక్కువుంటే మండే వాయువు సెన్సర్ కూడా అసలుకన్నా తక్కువ చూపుతుంది. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గినా, మండే వాయువు అంటుకునే హద్దులో (పైన చెప్పిన 1.4 శాతంలో) 10 శాతం దాటినా ఎవరూ దిగకూడదు. ముక్కును నమ్మొద్దు. పెట్రోలులోని విషం బెంజీన్ వాసన తగిలేసరికే పని చోటుకున్న 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) పరిమితి దాటిపోయి ఉండొచ్చు.

ఇక మిగతావి, ఒక వరసలో కాదు:

- పడిపోయిన మనిషిని తీయడానికి గాలి సిలిండర్, తాడు లేకుండా ఎవరూ దిగొద్దు. రెండో శవం అలాగే లేస్తుంది.
- తవ్విన మట్టి అంచుకు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో పోయండి, కింద షీటు, చుట్టూ కట్ట, పైన కప్పు. కప్పు లేని కుప్ప మీద ఒక్క జడివాన పడితే చమురు మళ్లీ నేలలోకే.
- చమురును ఆవిరిగా వెళ్లగొట్టడానికి నేలలోకి గాలి కొట్టే ముందు ఆవిరి లాగే బ్లోయర్ నడుస్తూ ఉండాలి. ఆపేటప్పుడు గాలి ముందు, బ్లోయర్ తర్వాత. తిరగేస్తే ఆవిరి పక్కింటి సెల్లార్‌లో తేలుతుంది.
- తెట్టు ఉండగా, చమురును విరగ్గొట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ మందును నేలలోకి ఎక్కించొద్దు. వేడెక్కుతుంది, ఆవిరి ఎగదన్నుతుంది.
- పంపుతో నీటిని అతిగా దించొద్దు. తెట్టు కిందికి దిగి శుభ్రమైన మట్టికి పూసుకుంటుంది.
- డిటర్జెంటు వద్దు. చమురు నీళ్లలో పాలలా కలిసిపోతే, చమురునూ నీటినీ వేరు చేసే సెపరేటరు ఏమీ విడదీయలేదు.
- చమురు పట్టే డ్రమ్ముకు ఎర్తింగ్.
- తోడిన నీటిని శుభ్రం చేసే కార్బన్ డ్రమ్ములు రెండు, ఒకదాని వెనక ఒకటి. మొదటి దాని తర్వాత నీళ్లు పరీక్షించండి, రెండో దాని తర్వాత మాత్రమే కాదు.
- నీటి నమూనా 40 మిల్లీలీటర్ల సీసాలో, ఒక్క బుడగా లేకుండా. తిరగేసి వేలితో తట్టి చూడండి. బుడగ లేస్తే ఆ సీసా పారేసి కొత్తది.
- తెట్టు తీసిన బెయిలర్‌ను (బావిలోకి దించి తోడే సన్నటి గొట్టం) ఇంకో బావిలో ముంచొద్దు.
- నీరు అట్టడుగుకు దిగిన నెలలో ప్రోబ్ దించి చూడకుండా ఏ బావినీ పూడ్చొద్దు.