అంతర్వేది ఒడ్డున నాలుగు రోజులు ప్రశాంతంగా ఉండాలంటే

రైలు టికెట్ బుక్ చేసే ముందు గోడ మీద క్యాలెండర్ చూడండి. సెలవులు కాదు, తిథులు. మాది కోనసీమలో, అంతర్వేదికి దగ్గరలోని మలికిపురం పక్క ఊరు. హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి "అక్కా, సముద్రం దగ్గర నాలుగు రోజులు ఎవరి గోలా లేకుండా ఉండాలి, ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగితే నేను ముందు పంచాంగమే తీస్తాను. ఇక్కడ ఒడ్డున జనం వచ్చేదీ తిథిని బట్టే, నీళ్లు పైకి వచ్చేదీ తిథిని బట్టే.

మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం. దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథం, పౌర్ణమికి చక్రస్నానం. స్వామి కోసం వచ్చేవాళ్లకి అంతకంటే మంచి రోజులు లేవు. ఏకాంతం కోసం వచ్చేవాళ్లు మాత్రం ఆ వారం దాటనివ్వాలి. సంక్రాంతికి కోనసీమలో ఏ ఇంట్లో చూసినా చుట్టాలే, బయట గదులు దొరకవు. కార్తీకమాసం అంతా స్నానాలు, వనభోజనాలు. నన్నడిగితే కనుమ వెళ్లి చుట్టాలు సర్దుకున్నాక స్వామి కల్యాణం మొదలయ్యేదాకా ఉన్న రోజులు మంచివి. లేదంటే కల్యాణం అయ్యాక శివరాత్రి దాకా. పగలు ఎండ బాధించదు, రాత్రి దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది.

అక్టోబర్, నవంబర్లలో ఎవరినీ రమ్మనను. 1996 నవంబర్ 6న వచ్చిన తుఫాను మా కొబ్బరితోటల్ని పడగొట్టింది, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వాయుగుండం అన్న మాట టీవీలో వినబడితే మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చేతిలో పని ఆపి వింటారు. జులై, ఆగస్టుల్లో గోదారికి వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక అన్నప్పుడే ప్రయాణం మానుకోండి. పులస చేప తినాలంటే ఆ రోజుల్లోనే రావాలి నిజమే, కానీ అది తీరుబడిగా సముద్రం చూసే ప్రయాణం కాదు.

ఇక నీటి సంగతి. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు, ఎందుకంటే ప్రతి ఏడాదీ ఎవరో ఒకరి పిల్లాడు ఈ ఒడ్డున మునిగిపోయాడన్న వార్త వింటూనే ఉంటాం. పోటు, అంటే సముద్రం నీళ్లు ఒడ్డు మీదకి పొంగి రావడం, రోజుకు రెండుసార్లు వస్తుంది. ఇవాళ వచ్చిన వేళ కంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మొదటి రోజు ఒడ్డున వలలు సర్దుకుంటున్న వాళ్లని "పోటు ఎప్పుడండీ?" అని అడిగి తెలుసుకుంటే, మిగతా రోజులకి మీరే లెక్క వేసుకోవచ్చు. అమావాస్య, పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీళ్లు బాగా పైకి వస్తాయి. అష్టమి ప్రాంతంలో పోటు మెత్తగా ఉంటుంది. పెద్దవాళ్లతో, పిల్లలతో వచ్చేవాళ్లకి అష్టమి ముందూ వెనకా ఉండేలా రోజులు చూస్తాను. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుక గట్టిగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా హాయిగా నడుస్తారు.

గోదారి పాయ అయిన వశిష్ట గోదావరి సముద్రంలో కలిసే చోటుని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. నది నీళ్ల రంగు, సముద్రం నీళ్ల రంగు పక్కపక్కనే వేరుగా కనిపిస్తాయి. తప్పకుండా చూడండి, ఒడ్డు నుంచే చూడండి. అక్కడ నీళ్లలోకి దిగడం వద్దే వద్దు. నది తోసే నీరు, పోటు తెచ్చే నీరు కలిసి కాళ్ల కింద ఇసుకని లాగేస్తాయి. మిగతా ఒడ్డున కూడా, అలలు విరగకుండా నున్నగా కనిపించే జాగాయే మంచిదని అనుకోకండి. ఒడ్డుకొచ్చిన నీరు వెనక్కి వెళ్లే దారి చాలాసార్లు అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదితే బలం అయిపోతుంది. తీరానికి సమాంతరంగా పక్కకి ఈది, ఆ లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటకూడదు. పిల్లల చెయ్యి ఒక పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, ఆ చేతిలో ఫోన్ ఉండకూడదు.

సామాను తక్కువే చాలు. నూలు బట్టలు, రెండు తువ్వాళ్లు, రబ్బరు చెప్పులు, టోపీ. దోమతెర మాత్రం మర్చిపోవద్దు. పొద్దు వాలగానే తోటల్లోంచి దోమలు లేస్తాయి, పూత మందు ఒక్కటే సరిపోదు. చేతి టార్చి కావాలి. కరెంటు పోతుందని మాత్రమే కాదు, చీకట్లో కొబ్బరితోటలో పాములు తిరుగుతాయి, అడుగు చూసి వెయ్యాలి. కొబ్బరి చెట్టు కింద మంచం వేసుకోకండి, కారు ఆపకండి. రోజూ వేసుకునే మందులు నాలుగు రోజులకి కాదు, వారానికి సరిపడా తెచ్చుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు కొన్ని పెట్టుకోండి. ఉప్పుగాలికి ఫోన్లు పాడవుతాయి, జిప్పు కవరులో ఉంచండి. చిల్లర నోట్లు ఉంచుకోండి, సిగ్నల్ లేనప్పుడు ఫోన్ పే పని చెయ్యదు.

తీరానికి దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను ముందే చెప్పి తెప్పించుకోండి. భోజనం సంగతీ ముందు రోజే చెప్పాలి. చేపలు ఒడ్డుకి వచ్చేది పొద్దున్నే. పండుగప్ప కావాలా, రొయ్యలు కావాలా అని రాత్రే చెప్పి పెడితే వంటావిడకీ సుఖం, మీకూ తాజాది దొరుకుతుంది. టిఫిన్‌కి పొట్టిక్కలు అడగండి. పనసాకు బుట్టల్లో ఉడికిన ఆ పిండి వాసన పట్నంలో దొరకదు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. కనబడితే దూరంగా నిలబడండి, టార్చి ఆర్పేయండి, ఫొటో కోసం ఫ్లాష్ వెయ్యకండి. వెలుతురు పడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోవచ్చు.

రావడానికి నరసాపురం దాకా రైలు, అక్కడ రేవులో పంటు, అంటే జనాన్ని దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదారి దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణించి ఆటో. నాకు ఈ దారే ఇష్టం. చీకటి పడ్డాక చేరే రైలైతే పంటు మీద ఆశ పెట్టుకోకండి. పాలకొల్లులో దిగి చించినాడ వంతెన మీదుగా దిండి, రాజోలు దారిలో కారులో రండి. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం భోజనం అవగానే బయల్దేరాలి, పంటు అవతలి ఒడ్డున ఉంటే అది వచ్చేదాకా ఆగాలి. వరదో గాలో ఉండి పంటు ఆపేస్తే కంగారు పడొద్దు. మీ రైలు పాలకొల్లులో కూడా ఆగుతుందేమో టికెట్ తీసుకునేటప్పుడే చూసి పెట్టుకోండి, వంతెన మీదుగా వెళ్లి అక్కడ ఎక్కొచ్చు.