పాత కారులో మిస్సింగ్ వస్తే ముందు ఏ సిలిండరో తేల్చండి

లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన పెట్రోలు కారు ఐడిల్‌లో వణుకుతూ, ఎక్కుడులో జర్కులు ఇస్తోందనుకోండి. దీన్నే మిస్సింగ్ అంటారు, అంటే సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదని. షెడ్డులో ముందు ప్లగ్గులు మారుస్తారు. తగ్గకపోతే ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్, అదీ కాకపోతే పెట్రోలు పంపు. డబ్బులు పోతాయి, మిస్సింగ్ మాత్రం పోదు. ఏ సిలిండరు పనిచేయడం లేదో తేలేదాకా ఒక్క సామాను కూడా కొనకండి.

ప్లగ్ పానా, టార్చి, మార్కర్, పాత గుడ్డ చాలు. కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ ఉంటే మంచిదే. పీ0302 అని చూపిస్తే రెండో సిలిండరులో మిస్సింగ్ అని అర్థం. అంతేగానీ కాయిల్ పోయిందని కాదు. చాలామంది ఆ కోడ్ చూసి నేరుగా కాయిల్ కొనేస్తారు.

1. ఎప్పుడు వస్తోందో చూడండి. ఐడిల్‌లో వణికి, రేస్ ఇస్తే సర్దుకుంటే ఎక్కడో గాలి లీకవుతుండొచ్చు. మామూలు రోడ్డు మీద బాగానే పోయి, రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే తడబడితే ముందు స్పార్క్‌ని అనుమానించాలి. లోడు పెరిగితే సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు బలహీనమైన స్పార్క్ తట్టుకోలేదు. చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే ఇక బండి తోలకండి.

2. బానెట్ ఎత్తి చూడండి. కడప ఎండకు రబ్బరు హోసులు పగులుతాయి, వంచి చూస్తే తెలుస్తుంది. ప్లగ్ గుంతలో ఆయిల్ ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్ పోయినట్టు.

3. సిలిండరు తేల్చడం. అందరూ పాడుచేసేది ఇక్కడే, నిదానంగా చదవండి.

బండిని ఆరుబయట, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి పెట్టండి. మూసిన షెడ్డులో వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. మెడలో తువ్వాలు, చున్నీ ఉంటే తీసేయండి. రేడియేటర్ ఫ్యాన్ ఏ క్షణాన తిరుగుతుందో చెప్పలేం. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి మొదలుపెట్టండి.

తీయాల్సింది సిలిండరుకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కనెక్టర్‌ని, ప్లగ్ వైరును కాదు. నడుస్తున్న ఇంజిన్‌లో ప్లగ్ వైరు లాగడం పాత డిస్ట్రిబ్యూటర్ బండ్ల నాటి అలవాటు. దాంతో షాక్ కొడుతుంది. స్పార్క్‌కి పోయే దారి లేక కాయిల్ లోపల దెబ్బతింటుంది. కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్నీ తినేస్తుంది. ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తే ఆ సిలిండరుకు పెట్రోలే రాదు కాబట్టి ఈ గొడవలేవీ ఉండవు.

కనెక్టర్ క్లిప్పు వేడికి పెళుసుబారి ఉంటుంది. వైర్లు పట్టి గుంజకండి. క్లిప్పును గోటితో పూర్తిగా నొక్కి, ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ తీయండి. తీసిన క్షణంలోనే చెవి పెట్టి వినాలి. మంచి సిలిండరైతే ఇంజిన్ వెంటనే కుంగి, వణుకు పెరుగుతుంది. ఏ తేడా రాకపోతే చచ్చిన సిలిండరు అదే. కొన్ని సెకన్లు ఆగితే కంప్యూటర్ ఐడిల్‌ను సర్దేస్తుంది, తేడా కప్పబడిపోతుంది. తిరిగి పెట్టి, ఇంజిన్ కుదురుకున్నాక పక్కదానికి పోండి. అన్నీ అయ్యాక మరోసారి మొదటి నుంచి చూడండి. రెండుసార్లూ ఒకే సిలిండరు తేలితేనే నమ్మండి.

కార్బురేటర్ బండికి ఇంజెక్టర్లు ఉండవు. ఇంజిన్ ఆపి, ప్లగ్ వైరు తీసి, దానికి వేరే ప్లగ్ తగిలించి, ఆ ప్లగ్ ఒంటికీ ఇంజిన్‌కీ జంపర్ వైరు కట్టాకే స్టార్ట్ చేయండి. నడిచేటప్పుడు చేయి పెట్టొద్దు.

అన్ని సిలిండర్లూ ఒకేలా కుంగితే తప్పు ఒక సిలిండరుది కాదు. పెట్రోలు ప్రెజర్, గాలి లీకు, టైమింగ్ చూడాలి.

4. మార్చి చూడండి. ఇంజిన్ చల్లారాకే ప్లగ్గులు విప్పాలి. వేడి మీద తిప్పితే అల్యూమినియం హెడ్డులో మరలు ఊడొస్తాయి. విప్పే ముందు గుంతలో దుమ్ము ఊదేయండి. మన మట్టి సిలిండరులో పడితే బోరు గీసుకుపోతుంది. చచ్చిన సిలిండరు ప్లగ్ తీసి పక్కదాంట్లో, పక్కది ఇందులో, మొదటి చుట్లు చేత్తోనే బిగించండి. మళ్లీ 3వ పరీక్ష చేయండి. మిస్సింగ్ ప్లగ్‌తో పాటు కదిలితే తప్పు ప్లగ్‌ది. కదలకపోతే సిలిండరుకో కాయిల్ ఉన్న బండిలో కాయిల్ మార్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే ఏది పోయిందో ఎప్పటికీ తెలియదు. కొత్తవి కొనేటప్పుడు మాన్యువల్‌లో రాసిన ప్లగ్గులే వేయాలి. అందులో ఇరిడియం ప్లగ్గులని లేకపోతే పాత బండికి అవి వేయించి లాభం లేదు.

5. అయినా కదలకపోతే కంప్రెషన్, అంటే సిలిండరు గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో, షెడ్డులో చూపించండి. తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కన రెండూ తక్కువైతే హెడ్ గాస్కెట్. వాల్వులన్నారని వెంటనే హెడ్డు దించనివ్వకండి, ముఖ్యంగా గ్యాస్ కిట్ మీద నడిచిన బండికి. వాల్వు సీటు అరిగి, వాల్వుకు వదిలే సన్నని సందు (టాపెట్ గ్యాప్) బిగిసిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, రీడింగ్ పడిపోతుంది. ముందు టాపెట్ గ్యాప్ కొలిచి సరిచేయించి, మళ్లీ కంప్రెషన్ చూపించండి.