వానల్లో మారేడుమిల్లి వెళ్తున్నారా? వాగులో మాత్రం దిగకండి

వానాకాలం మారేడుమిల్లి బాగుంటుంది. తూర్పు కనుమల్లో చిన్న ఊరు, చుట్టూ పచ్చటి కొండలు, రోడ్డు పక్కనే జలపాతాలు. వెళ్లండి, కానీ నీళ్లలో దిగుదామని పక్కవాళ్లు ఎంత బలవంతం చేసినా ఒప్పుకోకండి. 2024 సెప్టెంబరులో జలతరంగిణి జలపాతం దగ్గర వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి ముగ్గురు చనిపోయారు. ఆ కడుపుకోత ఇంకే ఇంటికీ వద్దు.

మనం నిలబడ్డ చోట చినుకు లేకపోయినా పైన కొండల్లో గట్టి వాన పడితే చాలు, చూస్తూ చూస్తుండగానే వాగు పొంగుతుంది. తేటగా పారే నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, చెప్పులు, ఫోను అక్కడే వదిలేసైనా సరే వెంటనే పైకి వచ్చేయాలి. అవతలి గట్టున చిక్కుకుపోతే నీళ్లు తగ్గేదాకా అక్కడే ఉండండి, చేతులు పట్టుకుని దాటేద్దాం అనుకోవద్దు, ఒక్కరి కాలు జారితే అందరూ పోతారు. పాచి రాళ్ల మీద సెల్ఫీలు వద్దు. ఇక తాగినవాళ్లను గట్టు దగ్గరికే రానివ్వకండి, సీసాలు రాళ్లకేసి కొట్టడం మరీ దుర్మార్గం, ఆ గాజు పెంకులు తర్వాత వచ్చే పిల్లల కాళ్లల్లో దిగుతాయి.

చింతూరు వైపు ఘాట్ రోడ్డు పగలే దాటేయండి. 2019లో టూరిస్టు బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. దిగేటప్పుడు బండి న్యూట్రల్‌లో వేయొద్దు, గేరు తగ్గించి నెమ్మదిగా దిగాలి, అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి అసలు పట్టదు. ప్రతి మలుపులో హారన్ కొట్టండి.

గుడిస కొండకి సొంత కారు కంటే ఊళ్లో జీపు మాట్లాడుకోవడమే నయం, వానకి ఆ దారి జారుతుంది. పైనంతా గడ్డి మైదానం, పిడుగు పడితే తలదాచుకునే చోటు ఉండదు, ఉరుము వినగానే జీపెక్కి దిగిపోండి.

చాలామంది పట్టించుకోనిది దోమ. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన అటవీ ప్రాంతంలో, మలేరియా ఇంకా ఉంది. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా వేసుకోండి, ఒంటికి దోమల క్రీమ్ రాసుకోండి, రాత్రి దోమతెర కట్టుకోండి. తిరిగొచ్చాక వారానికో, నెలకో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి మీరే చెప్పండి. మలేరియాలో ఫాల్సిపారం అనే రకం మెదడుకి ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది.

రాజమండ్రి నుంచి వెళ్లేవాళ్లు పెట్రోలు, డబ్బులు, మందులు రంపచోడవరంలోనే చూసుకోండి. ఏరియా ఆసుపత్రి కూడా అక్కడే ఉంది. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అందుకని ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో బస చేసిన చోట చెప్పి బయల్దేరండి. ఇవాళ వాగు వైపు వద్దని ఊళ్లోవాళ్లు అంటే ఆ రోజుకి ఆ ప్లాన్ మానేయండి.