ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్‌కి ఇచ్చే ముందు

ఫైనలియర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అమీర్‌పేటలో జిరాక్స్ షాపుకి వెళ్లా. వర్డ్ ఫైలు అక్కడి సిస్టంలో తెరవగానే బొమ్మలు కిందికి జారాయి, విషయసూచికలో పేజీ నంబర్లన్నీ తప్పు. పైగా నాలుగు గ్రాఫుల కోసం మొత్తం కలర్ తీస్తానంటాడు!

ఇంటికొచ్చి ఇలా చేశా. బైండింగ్ కోసం ఎడమవైపు 1.5 అంగుళాల మార్జిన్ వదిలి, విషయసూచిక మీద రైట్ క్లిక్ చేసి 'అప్‌డేట్ ఫీల్డ్' నొక్కి, పీడీఎఫ్‌గా సేవ్ చేశా. కలర్ పేజీల నంబర్లు మాత్రం చీటీ మీద రాసిచ్చా: 24, 37, 38, 45. మిగతావన్నీ బ్లాక్ అండ్ వైట్.

చీటీలో పీడీఎఫ్ చూపించే నంబరే రాయండి. సర్టిఫికెట్, అబ్‌స్ట్రాక్ట్ పేజీలకు రోమన్ అంకెలు వేస్తాం కాబట్టి పేజీ కింద అచ్చయ్యే నంబర్ దానితో కలవదు. రెండువైపులా ప్రింట్ తీసేట్టయితే మాత్రం ఈ చీటీ పనిచేయదు, కలర్ పేజీ వెనక ఇంకో పేజీ ఉంటుంది కదా.