యాత్రికులు దిగే వీధిలో ఇరుగుపొరుగును నిలుపుకోవడం ఎలా

తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న మాడ వీధులు, సన్నిధి వీధి, తీర్థకట్ట వీధి వంటివి బండి అవసరం లేకుండా బ్రతకడానికి అనువుగా ఏర్పడిన వీధులు. గుడి, పూలంగడి, పచారీ కొట్టు, మందుల షాపు, రైల్వే స్టేషన్ అన్నీ నడక దూరంలోనే ఉంటాయి. కొండకు వెళ్లే యాత్రికులను ఈ వీధులకు రప్పించేదీ ఆ సౌకర్యమే. యాత్రికుల రాకను ఆపడం సాధ్యమూ కాదు, న్యాయమూ కాదు. ఏడాది పొడవునా కాపురముండే కుటుంబాలు వీధిలో తగినన్ని మిగిలేలా చూసుకోవడమే నివాసుల చేతిలో ఉన్న పని. ఇందులో సూచించినవన్నీ దానికోసమే.

వీధి అందంగా, నడకకు అనువుగా ఉన్నంత మాత్రాన కుటుంబాలు వాటంతట అవే నిలవవు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో రాబర్ట్ డేవిస్ అనే స్థల యజమాని, ఆండ్రెస్ డ్వానీ, ఎలిజబెత్ ప్లేటర్-జైబర్క్ అనే వాస్తుశిల్పులతో కలిసి 1981లో సీసైడ్ అనే ఊరికి శ్రీకారం చుట్టారు. సుమారు 80 ఎకరాల్లో ఇరుకైన వీధులు, వీధిని ఆనుకొని వసారాలు, నడిచి చేరగలిగే అంగళ్లు ఏర్పాటు చేశారు. నడకకు అనువైన ఊళ్లు కట్టాలనే నూతన పట్టణవాద ఉద్యమానికి అది తొలి నమూనా అయింది. ఆ ఊరు ఎంతగా నచ్చిందంటే, అక్కడి ఇళ్లలో చాలా భాగం సెలవులకు వచ్చేవారికి అద్దెకిచ్చే విడిదులుగా మారాయి. వసారాలు ఉన్నాయి గాని, వాటిలో ఈ వారం కూర్చున్నవారు వచ్చే వారం ఉండరు. మన తిన్నెలకు ఆ గతి పట్టకుండా ఉండాలంటే ముందు లెక్కతో మొదలుపెట్టాలి.

ఐదు నిమిషాల్లో నడిచి రాగలిగినంత మేరను, అంటే ఇంచుమించు 400 మీటర్లను, మీ పరిధిగా పెట్టుకోండి. అంతకు మించితే ముఖపరిచయం ఉండదు, సమావేశానికి పిలిస్తే ఎవరూ రారు. బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవులు కాని ఒక మామూలు వారంలో ఇల్లిల్లూ తిరిగి పుస్తకంలో రాసుకోవాలి. యజమాని ఉంటున్న ఇల్లు, నెలవారీ అద్దె కుటుంబం ఉన్న ఇల్లు, రోజు అద్దెకు గదులిచ్చే ఇల్లు, బొమ్మలూ పూజాసామగ్రీ నింపిన గోదాము, తాళం వేసిన ఇల్లు అని విడివిడిగా రాస్తే చాలు. ఏటా ఉగాదికి ముందు దీన్నే తిరగరాస్తే వీధి ఎటు పోతున్నదో అందరికీ కనబడుతుంది. అద్దెలు పెరిగాయని, పాతవాళ్లు వెళ్లిపోయారని నిట్టూర్చే సభల కంటే ఈ పుస్తకం చాలా మేలు.

తరువాత సంఘం. ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు చేరితే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. సొంత ఇల్లున్న పెద్దమనుషులతోనే ఆ ఏడుగురినీ నింపడం మన వీధుల్లో తరచూ జరిగే పొరపాటు. అద్దెకుండే కుటుంబం నుంచి ఒకరు, పూలమ్మే ఆమె, పక్కనున్న లాడ్జి మేనేజరు తప్పక ఉండాలి. ఆడవారు సగానికి తగ్గకూడదు, ఎందుకంటే పగటిపూట వీధిలో ఏం జరుగుతున్నదో వారికే ఎక్కువ తెలుసు. వార్డు సచివాలయానికి అర్జీ ఇచ్చేటప్పుడు వ్యక్తి పేరుతో కాక సంఘం పేరుతో ఇచ్చి, రసీదు దాచుకోవాలి.

అసలు కష్టం రోజు అద్దె గదుల దగ్గర వస్తుంది. నెలవారీ అద్దె కంటే రోజువారీ అద్దెలో రాబడి ఎక్కువని తెలిసిన యజమానిని, ఊరి మంచి కోసం వదులుకోమని అడిగితే వినడు. అతని స్థానంలో మనమున్నా వినము. కనుక నిషేధం జోలికి పోకుండా ఒక ఒప్పందం రాసుకోవాలి. ఇంట్లో కనీసం ఒక అంతస్తును కుటుంబానికే, సొంతమైనా నెలవారీ అద్దెదైనా, కేటాయించాలన్నది అందులో మొదటి షరతు. యజమాని గాని బాధ్యుడైన మనిషి గాని రాత్రి అదే ఇంట్లో పడుకోవాలన్నది రెండవది. ఈ రెండూ కుదిరితే అర్ధరాత్రి బస్సు దిగి వచ్చినవారు పక్కింటి గంట కొట్టడం, సామాన్లు మెట్ల మీద వదలడం, పంపు కట్టకుండా పోవడం వంటి తగవులు చాలావరకు తలెత్తవు. ఎవరిని అడగాలో తెలియని ఇల్లే అన్నిటికంటే పెద్ద చిక్కు. దిగినవారి గుర్తింపు కార్డు వివరాలు పుస్తకంలో రాయడం, విదేశీయులు దిగితే 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయడం యజమాని బాధ్యత అని కూడా ఒప్పందంలో చేర్చాలి.

నీటి మాట వేరుగా చెప్పాలి. వర్షాలు తగ్గిన ఏడాది కల్యాణి డ్యాం నీరు సరిపోక, తెలుగుగంగ మీదా ట్యాంకర్ల మీదా ఊరు ఆధారపడే వేసవిలో, గదుల ఇళ్లు తెప్పించే ట్యాంకరు ఏ వేళ రావాలో, ఎక్కడ నిలవాలో ముందే నిర్ణయించకపోతే ఇరుకు వీధిలో బడి పిల్లల ఆటో కదలదు.

నేల అంతస్తుల అంగళ్ల విషయంలో యజమానులతో మాట్లాడి, కనీసం పాలకేంద్రం, పచారీ కొట్టు, కుట్టు మిషను, ఇస్త్రీ బండి వీధిలో ఉండేలా చూడాలి. వరుసగా అన్నీ బొమ్మల దుకాణాలే అయితే అక్కడ కాపురం సాగదు. తోపుడు బండ్లవారిని తరిమించాలని కొందరు ఉత్సాహపడతారు గాని, అది తగదు, చట్టమూ ఒప్పదు. వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు వారిని ఖాళీ చేయించరాదు. ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో వారి ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. తెల్లవారకముందే వచ్చి రాత్రి పొద్దుపోయేదాకా వీధిని కనిపెట్టి ఉండేది వాళ్లే. అయితే నడకదారి కనీసం 1.8 మీటర్లు అడ్డు లేకుండా ఉండాలని, రోడ్లకు ప్రమాణాలు రూపొందించే సంస్థ అయిన భారత రోడ్ల కాంగ్రెస్ చెబుతున్నది. స్థలం ఉన్నచోట ఆ మేరకు సున్నపు గీత గీసి, బండ్లను గీత దాటి నడకదారిలోకి రాకుండా నిలపమని వారిని ఒప్పించవచ్చు. దుకాణాల ముందు నిలిపే స్కూటర్లకూ అదే గీత వర్తించాలి.

చెత్త గురించి పెద్దగా చెప్పేది లేదు: తడి, పొడి వేరుచేసే డబ్బాల దగ్గర తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీలో రాసిన పలకలు పెట్టాలి. మైకుల విషయంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలను లాడ్జీలకూ, భజన బృందాలకూ, మన పెళ్లిళ్లకూ సమానంగా వర్తింపజేయాలి.

రద్దీ రోజులకు వేరే సన్నాహం కావాలి. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనం బైరాగిపట్టెడలో తొక్కిసలాటకు గురై ఆరుగురు మరణించారు. అది నివాస ప్రాంతమని మరువరాదు. మీ పరిసరాల్లో టోకెన్ల కేంద్రం పెడుతున్నారని తెలియగానే, వరుస ఏ వీధి గుండా సాగుతుందో, ఏ సందును అంబులెన్సు కోసం ఖాళీగా ఉంచుతారో పోలీసులనూ దేవస్థానం సిబ్బందినీ లిఖితపూర్వకంగా అడగాలి. జనాన్ని అదుపు చేసే పని నివాసులు నెత్తిన వేసుకోకూడదు. తాగునీరు పెట్టడం, వృద్ధులకు తిన్నె మీద చోటివ్వడం, ఏ ఇంటి మరుగుదొడ్డి వాడుకోనిస్తారో ముందే అనుకోవడం మాత్రం చేయవచ్చు.

చివరగా, ఏడాదిలో ఒక్క వేడుకైనా ఊరివారిదిగానే ఉండనివ్వాలి. తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేశాక, అది ముగిసేవరకు ఊరివారు పొలిమేర దాటి పోరాదన్న ఆచారముంది. ఇరుగుపొరుగంతా ఊళ్లోనే దొరికే ఆ వారం సంఘం సమావేశానికి అన్నివిధాలా అనుకూలం. జాతరలో మొక్కుగా వేషాలు కట్టే పిల్లలకు, ఆడవేషం వేసే మగవారికి చీరలూ పూలూ సమకూర్చే పని ఇళ్ల మధ్య పంచుకోవాలి. యాత్రికులు చూడడానికి అభ్యంతరం ఉండనవసరం లేదు, కాని వారి కోసం వేదికలు కట్టి, వేళలు మార్చి, వేషగాళ్లను నిలబెట్టి ప్రదర్శన చేయించే ప్రతిపాదన వస్తే సున్నితంగా తోసిపుచ్చాలి. ఫొటో తీసేముందు వేషం కట్టినవారిని అడగమని గదుల యజమానులు తమ వద్ద దిగినవారికి చెప్పాలి, పొంగళ్లు పెట్టే ఆడవారి దారిలో కార్లు నిలపకుండా చూసే బాధ్యతను సంఘం ఇద్దరికి ముందుగానే అప్పగించాలి.