పాత ల్యాప్‌టాప్‌ని తూకానికి ఇచ్చేయకండి: ఎస్ఎస్‌డీ వేసి లినక్స్ మింట్ ఎక్కించే పద్ధతి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పటి నుంచి శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా కాలేజీ పిల్లలున్న ఇళ్లలో ఒకటే మాట, "ఇంక ఈ ల్యాప్‌టాప్ పనికొస్తాదేటి, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామా?" అని. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ లేదా ఆ తర్వాతది కావాలి, అంటే 2017కి ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు ఇంచుమించు అన్నీ బయటే నిలబడ్డాయి. కానీ అందులో ఉన్న నాలుగో జనరేషన్ ఐ5కి రాత్రికి రాత్రి ఏమీ అవ్వలేదు కదా. అది నిన్న చేసిన పని ఇవాళ కూడా అంతే చక్కగా చేస్తుంది. డిగ్రీయో బీటెక్కో చదివే పిల్లల కోసం కొత్త ల్యాప్‌టాప్ ఈఎంఐలో తీసుకునే ముందు ఒక్కసారి హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేసి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి చూడండి, చదువు అయ్యేదాకా అది లాగుతుందని నా గట్టి నమ్మకం.

ముందు మీ మెషీన్ దీనికి పనికొస్తుందా లేదా చూసుకోండి. 64 బిట్ ప్రాసెసర్ ఉండాలి, 4 జీబీ ర్యామ్ ఉండాలి. లినక్స్ మింట్ వాళ్లు కనీసం 2 జీబీ చాలంటారు గానీ, 2 జీబీలో సిస్టమ్ లేస్తుంది, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరవగానే కూర్చుంటుంది, కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. మరీ పాత 32 బిట్ నెట్‌బుక్‌ల మీద డబ్బు పెట్టకండి. డెబియన్ అనే పాతకాపు లినక్స్ ప్రాజెక్ట్ కూడా 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

ఇక డబ్బు పెట్టాల్సింది దేని మీద? చాలామంది ముందు ర్యామ్ పెంచమంటారు. నేను ఒప్పుకోను. 4 జీబీ ఉంటే ముందు ఎస్ఎస్‌డీ వేయండి, ర్యామ్ సంగతి తర్వాత. పాత ల్యాప్‌టాప్‌లో ఉండేది నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్, అందులో ఒక ఫైల్ ఇక్కడ, ఇంకోటి అక్కడ ఉంటే లోపలి చేయి కదిలి ప్రతిదాని దగ్గరికీ వెళ్లి రావాలి, ఎంత పరిగెత్తినా సెకనుకి వంద చిల్లర చోట్ల మించి వెళ్లలేదు. మామూలు సాటా ఎస్ఎస్‌డీ అదే సెకనులో వేల చోట్ల నుంచి చదువుతుంది. స్విచ్ ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చేదాకా తిరుగుతూ ఉండే ఆ గుండ్రం గుర్తుకి అసలు కారణం ఇదే.

కొనాల్సింది 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 240 లేదా 256 జీబీ సరిపోతుంది. దీనికోసం పనిగట్టుకుని విశాఖ వెళ్లక్కర్లేదు, మన రెండు ఊళ్లలోనూ కంప్యూటర్ షాపుల్లో దొరుకుతుంది. రేట్లు ఈ మధ్య వారానికోలా ఉంటున్నాయి కాబట్టి రెండు మూడు చోట్ల అడగండి, బిల్లు, వారంటీ లేకుండా మాత్రం తీసుకోవద్దు. దాంతోపాటు 2.5 అంగుళాల డిస్క్‌కి సరిపోయే యూఎస్‌బీ 3.0 కేసింగ్ ఒకటి తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను. ర్యామ్ కూడా కొనే ఓపిక ఉంటే పాత స్టిక్ మీద ఉన్న స్టిక్కర్ చదివాకే కొనండి. నాలుగో జనరేషన్ ల్యాప్‌టాప్‌లకి సాధారణంగా 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటుంది. చూడ్డానికి అచ్చు అలాగే ఉండే 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 తెచ్చి పెడితే చాలా వాటిలో స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది.

విప్పడం గురించి భయం వద్దు గానీ తొందర కూడా వద్దు. షట్‌డౌన్ చేసి చార్జర్ తీసేయండి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీయండి, పవర్ బటన్‌ని ఓ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. అడుగున ఉన్న స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు, పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన కీబోర్డ్ దగ్గర ప్లాస్టిక్ ఉబ్బుతుంది లేదా బోర్డుకే తగులుతుంది. అందుకని ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసుకుని, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే కాగితానికి గుచ్చి పెట్టుకోండి. హార్డ్ డిస్క్ ఒక సన్నటి రేకు ఫ్రేములో నాలుగు స్క్రూలతో ఉంటుంది, కొన్నింట్లో రబ్బరు అంచులుంటాయి. డిస్క్‌ని పైకి పీకకండి, ముందు కనెక్టర్ నుంచి దూరంగా పక్కకి జరపండి, వదులయ్యాక ఎత్తండి. ఆ ఫ్రేములోనే ఎస్ఎస్‌డీ బిగించి, అదే దారిలో లోపలికి జరిపితే పని అయిపోయింది.

మూత తీశారు కాబట్టి ఇంకో పని కూడా చేసేయండి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో వాడిన మెషీన్లలో ర్యామ్ కాళ్లు, అదే ఆ బంగారు రంగు గీతలు, ఉప్పు గాలికి మసకబారి ఉంటాయి. ఉన్నట్టుండి ఆన్ అవ్వడం మానేసిన ల్యాప్‌టాప్‌కి షాపులో "బోర్డు పోయింది" అని చెప్పినప్పుడు కూడా ముందు ఇది చూడాలి. రెండు పక్కల క్లిప్పులు బయటికి లాగితే స్టిక్ ఏటవాలుగా లేస్తుంది, బయటికి తీసి ఆ గీతల మీద పిల్లల తెల్ల రబ్బరుతో ఒకే వైపుకి మెల్లగా రుద్దండి, పొడి అంతా పొడి బ్రష్‌తో దులిపేయండి. తడి గుడ్డ అసలు వద్దు. మళ్లీ అదే ఏటవాలులో గీతలు కనపడనంత లోపలికి దూర్చి, కిందకి నొక్కితే క్లిప్పులు టక్కుమంటాయి. బ్యాటరీ గాని ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం అక్కడితో ఆపేసి దాన్ని మార్చే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, గుచ్చడం, నొక్కడం చేయొద్దు.

తీసిన పాత హార్డ్ డిస్క్‌ని ఆ కేసింగ్‌లో పెట్టండి. ఈ గైడ్‌లో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట ఇదే: డ్యూయల్ బూట్ (ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టడం) జోలికి పోకండి, పాత డిస్క్‌లో ఉన్నదాన్ని ముట్టుకోకండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెషీన్‌లో ఖాళీ ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంటే మీ ఇంటి ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు చెరిగిపోయే దారే ఉండదు. ఏదైనా నచ్చకపోతే పాత డిస్క్ తిరిగి పెట్టుకుంటే విండోస్ యథాప్రకారం లేస్తుంది. ఒక్క జాగ్రత్త, విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే డిస్క్ తీయకముందే దాన్ని ఆఫ్ చేసి, పూర్తయ్యేదాకా ఆగండి, లేకపోతే ఆ తాళం నంబర్ కోసం తర్వాత వెతుక్కోవాలి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్. 8 జీబీది చాలు, అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందే ఖాళీ చేసుకోండి. లినక్స్ మింట్ వెబ్‌సైట్ నుంచి 22 సిరీస్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఎడిషన్ ఐఎస్ఓ ఫైల్ (మొత్తం సిస్టమ్ ఇన్‌స్టాలర్ ఉన్న ఫైల్) దించండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. సినమన్ ఎడిషన్ చూడ్డానికి బాగుంటుంది, 8 జీబీ ర్యామ్ ఉంటే అదే వేసుకోండి, 4 జీబీకి మాత్రం ఎక్స్‌ఎఫ్‌సీఈ. ఎవరో టెలిగ్రామ్‌లో పెట్టిన ఫైల్ వాడొద్దు. 2016 ఫిబ్రవరిలో మింట్ సొంత వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, దొంగ దారి పెట్టిన ఐఎస్ఓకి లింకు మార్చేశారు, కొద్ది గంటల్లో వాళ్లే కనిపెట్టి బయటపెట్టారు. అందుకే దించిన ఫైల్ అసలుదేనా అని ఎస్‌హెచ్ఏ-256 సంఖ్యతో, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిదానితో, సరిచూడాలి. విండోస్‌లో సెవెన్-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ సంఖ్య వస్తుంది, మింట్ సైట్‌లో ఇచ్చినదానితో అక్షరం అక్షరం కలవాలి. కలిస్తే రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి.

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ బటన్ నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోలకి ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసస్‌కి ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12నే, కాకపోతే చాలా మోడళ్లలో బయోస్‌లోకి, అంటే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల్లోకి వెళ్లి ఆ మెనూని ముందు ఎనేబుల్ చేయాలి. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే ఏమీ ఇన్‌స్టాల్ అవ్వకుండానే మింట్ మొత్తం తెర మీదకి వస్తుంది. ఇక్కడ కంగారు పడి ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కేయకండి. కాసేపు వాడండి. వైఫై కనెక్ట్ అవుతోందా, సౌండ్ వస్తోందా, కెమెరా, టచ్‌ప్యాడ్, వెలుతురు పెంచే బటన్లు, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వైఫైయే, కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్‌లకి డ్రైవర్ విడిగా వేయాలి. ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది, ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే ఏది కావాలో అదే చూపిస్తుంది.

అన్నీ బాగుంటే ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. పాటలు, వీడియోలు ఆడించే మల్టీమీడియా కోడెక్‌ల దగ్గర టిక్ పెట్టండి, డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి అన్న ఆప్షన్ ఎంచుకోండి, ఉన్నది కొత్త ఎస్ఎస్‌డీయే కాబట్టి టెన్షన్ లేదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎటూ నిలబడదు, కాబట్టి ఇన్వర్టర్ లైన్ ఉన్న ప్లగ్గులో పెట్టుకోండి, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయే వేళకి అసలు మొదలుపెట్టొద్దు.

లేచాక తెలుగు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వెతికి వేయండి, అందులో ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డ్‌తో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేసే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా ఉంది. నేర్చుకునే పిల్లలకైతే ఇన్‌స్క్రిప్ట్ అలవాటు చేయండి, ఫోన్లో, విండోస్‌లో, ఎక్కడైనా అదే కీబోర్డ్ దొరుకుతుంది. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, గురజాడ అనే పేర్లతో ఓపెన్ లైసెన్స్ ఉన్న తెలుగు ఫాంట్లున్నాయి, దించుకుని వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు, విజయనగరం గురజాడ గారి పేరు మన ఇళ్లలోని కంప్యూటర్లలో ఉండాలని నాకు ఆశ.

ఆఫీసు పనికి లిబ్రే ఆఫీస్ ముందే ఉంటుంది. సెమినార్ పీపీటీ ఇందులో చేసి కాలేజీలో వేరే మెషీన్‌లో తెరిస్తే లైన్లు అటూ ఇటూ జరగొచ్చు, అది ఎక్కువగా ఫాంట్ల వల్లే. కాలిబ్రి బదులు అదే కొలతలున్న కార్లిటో ఫాంట్ వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది, అయినా ఒక పీడీఎఫ్ కాపీ కూడా దగ్గర ఉంచుకోండి.

ఎవరు మారకూడదో కూడా చెప్పాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ వాళ్లు మారొద్దు, ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, మీ పాత పని అంతా చిక్కుల్లో పడుతుంది. ట్యాలీ మీద బతికే షాపు, ఆటోక్యాడ్ మీద బతికే సివిల్ ఇంజినీరు, డిజిటల్ సంతకం డాంగిల్‌తో రోజూ రిటర్నులు వేసే ఆడిటరు, వీళ్లకి విండోస్ ఉండాల్సిందే. ఓపెన్ సోర్స్ మీద ప్రేమతో ఇంకొకరి పొట్ట మీద ప్రయోగాలు చేయడం నాకు నచ్చదు.

ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకి మాత్రం ఇంతకంటే మంచి చోటు లేదు. మన వైపు చాలా ల్యాబుల్లో సి అంటే ఇప్పటికీ టర్బో సి నీలం తెరే. అది 1990ల మొదట్లోని 16 బిట్ డాస్ కంపైలర్. అందులో ఇంట్ (పూర్ణసంఖ్య) అంటే 2 బైట్లు, 32767కి ఒకటి కలిపి చూస్తే మైనస్ 32768 వస్తుంది. పిల్లలు అదే సి భాష స్వభావం అనుకుని ఇంటర్వ్యూకి వెళ్తారు. మింట్‌లో బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ వేస్తే జీసీసీ అనే కంపైలర్ వస్తుంది, ఇంట్ 4 బైట్లు, 214 కోట్ల దాకా పడుతుంది. ల్యాబ్ రికార్డులోని ప్రోగ్రాములు ఇందులో నడపాలంటే కోనియో హెడర్ లైన్ తీసేయండి, క్లియర్ స్క్రీన్, గెట్‌చ్ లైన్లు తీసేయండి, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాసి చివర సున్నా రిటర్న్ చేయండి. గెట్స్ ఫంక్షన్ వాడి ఉంటే కంపైలర్ గట్టిగా హెచ్చరిస్తుంది, ఎంత పొడవు మాట వచ్చినా ఆపదు కాబట్టి దాన్ని 2011 సి ప్రమాణంలోంచే తీసేశారు, బదులుగా ఎఫ్‌గెట్స్ వాడండి. కంపైల్ చేసే ప్రతిసారీ వార్నింగ్‌లు అన్నీ చూపించే ఆప్షన్ పెట్టుకోండి, వచ్చిన ప్రతి వార్నింగ్ చదవండి, లైన్ నంబర్‌తో సహా చెప్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నడుస్తున్నాయి, మన పిల్లలకి కూడా అది అందాలి.

చివరగా నిర్వహణ. మింట్ 22కి అప్‌డేట్లు 2029 ఏప్రిల్ దాకా వస్తాయి, ఆ తర్వాతి వెర్షన్‌కి కూడా పైసా కట్టక్కర్లేదు. టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ తెరిచి వారానికో స్నాప్‌షాట్, అంటే ఆ రోజటి సిస్టమ్ నకలు, పెట్టుకోండి, అది సిస్టమ్‌నే దాస్తుంది, మీ ఫైళ్లని కాదు, ఫైళ్లకి ఆ పాత డిస్క్ కేసింగ్ ఉంది కదా, దాంట్లో ఖాళీ ఉంటే అక్కడికి కాపీ చేయండి. ఎప్పుడైనా కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ అయ్యాక వైఫై పోయినా తెర నల్లబడినా, ఆన్ చేస్తూనే ఎస్కేప్ తట్టండి, పాత బయోస్ మెషీన్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. వచ్చే మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే ముందటి కెర్నల్ కనిపిస్తుంది, దాంతో లేపుకుని పని కానివ్వండి, తర్వాతి అప్‌డేట్‌లో ఎక్కువసార్లు సర్దుకుంటుంది.