కువైట్ వెళ్లేముందు ఏ అరబ్బీ?

కువైట్‌లో పనికి వెళ్లబోతూ అరబ్బీ నేర్చుకుంటున్నారా? పుస్తకం కొనేముందు అందులో ఉన్నది ఫుస్‌హానా, గల్ఫ్ వాడుక భాషా చూసుకోండి. ఫుస్‌హా అంటే టీవీ వార్తలు, పత్రికలు, ఆఫీసు కాగితాల భాష. ఇంట్లో, అంగట్లో అలా ఎవరూ మాట్లాడరు. మన గ్రాంథికం లాంటిదే అనుకోండి, కాకపోతే అక్కడ ఇంకా గట్టిగా నిలబడి ఉంది.

'ఏం కావాలి?' అనడానికి పుస్తకంలో 'మాదా తురీద్' అని ఉంటుంది. కువైట్ ఇంట్లో వినిపించేది 'ష్‌తబీ'. అదే ఈజిప్టు మనిషైతే 'ఆయిజ్ ఏ' అంటాడు. కువైట్‌లో 'ఎలా ఉన్నావు' అని మగవాళ్లని 'ష్లోనక్' అని, ఆడవాళ్లని 'ష్లోనిచ్' అని అడుగుతారు. మాటకు మాట చూస్తే 'నీ రంగేంటి' అని అర్థం, కంగారు పడకండి!

శబ్దాలు మారే తీరు పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. కాఫీని పుస్తకం 'ఖహ్వా' అంటే కువైట్ వాళ్లు 'గహ్వా' అంటారు. 'జ' చాలా మాటల్లో 'య' అయిపోతుంది: కోడి 'దజాజ్' కాస్తా 'దియాయ్'. వేరే చోట్ల 'జీబ్' అనే మాట ఇక్కడ 'యీబ్', అంటే తీసుకురా. వంటింటి పనికి వెళ్లేవాళ్లు ముందు ఇది నేర్చుకోవాలి.

అక్షరాలు మాత్రం వదలొద్దు. అగ్రిమెంటు రాసేది ఫుస్‌హాలోనే.